కుక్క మెడలోని బిళ్ళ

(తల్లిదండ్రులకొక పాఠము)

మానవుడు మచ్చిక చేసికొనిన జంతువులలో కుక్క మొట్టమొదటిది. ఆవు, గొఱ్ఱె, గుఱ్ఱము మన పెరటికి వచ్చుటకు వేల యేండ్లకు పూర్వమే కుక్క మన పొయ్యి చెంతకు వచ్చి పడుకొన్నది. అది యింటివారినందఱను వాసనచేతను, అడుగుల సవ్వడిచేతను గుర్తించును. ఇంటి యజమాని నెల దినములు ఊరు విడిచి తిరిగివచ్చినను, అతడు వీథి మొగను అడుగుపెట్టగానే తోక యాడించును. ఇంటివారిని కుక్క యెఱుగును. ఇంటివారు కుక్కను ఎఱుగుదురు. కాని నాలుగు వీథుల కవతలి వారికి ఆ కుక్క యెవరిదో తెలియుటెట్లు? తన యిల్లెక్కడనో తానే చెప్పుకొనలేని ప్రాణికి నోరైనది మెడలోని చిన్న బిళ్ళయే.

పిల్లలు కుక్కపిల్లను తెచ్చుకొని పేరు పెట్టిన నాడు ఇంటిల్లిపాదియు సంబరపడుదురు. పట్టెడ కొందురు, గొలుసు కొందురు, పాలగిన్నె కొందురు. బిళ్ళ మాట మాత్రము మఱతురు. ఒకవేళ కొన్నను, అంగడిలో మెఱయుచున్నదానిని చూచి కొందురేగాని, దానిమీద నేమి వ్రాయవలెనో, ఏ లిపిలో వ్రాయవలెనో, దానిని చదువువారెవరో ఆలోచింపరు. ఈ పాఠమున ఆ సంగతులను వరుసగా విచారింతము.

1. బిళ్ళ యేల?

మన తాతల నాడు కచేరీ జవాను ఇత్తడి బిళ్ళ ధరించి గ్రామములకు వచ్చెడివాడు. అతనిని బిళ్ళబంట్రోతనిరి. బిళ్ళ లేనిచో అతడు పదుగురిలో నొకడు. బిళ్ళ యున్నచో అతని వెనుక నొక కచేరీ యున్నదని చూచినవారికెల్ల తెలిసెడిది. కుక్క విషయమును ఇట్టిదే. బిళ్ళ లేని కుక్క ఊరును పేరును లేనిది. బిళ్ళ యున్న కుక్క వెనుక నొక యిల్లున్నది.

ఈ భేదము తెలియకున్న నెట్టి యనర్థము కలుగునో బొంబాయి నగర చరిత్ర చెప్పుచున్నది. 1832వ సంవత్సరమున ఆ నగరమందలి వీథికుక్కలను చంపుటకు అధికారులు ఉత్తరువిచ్చి, కుక్క యొక్కంటికి ఎనిమిదణాల చొప్పున బహుమానము నిర్ణయించిరి. బహుమానమున కాశపడినవారు వీథికుక్కలతో తృప్తి చెందక, ఇండ్లలోని పెంపుడు కుక్కలను సైతము పట్టి చంపిరి. కుక్కను పవిత్రముగ నెంచు పార్సీలు జూన్ 6వ తేదీన తిరుగబడిరి, నగరము అల్లకల్లోలమైనది. ఏ కుక్క యింటిది, ఏ కుక్క వీథిది యను ప్రశ్న ఒక మహానగరమును కదలించినది.

నేడు వీథికుక్కల నట్లు సామూహికముగ చంపుట చట్టసమ్మతము కాదు. 2001లో వెలువడిన జంతు జనన నియంత్రణ నియమములును, వాని స్థానమున 2023లో వచ్చిన క్రొత్త నియమములును వీథికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, పిచ్చికుక్కవ్యాధి రాకుండ టీకా వేయవలెనని విధించినవి. అట్లు చికిత్స పొందిన కుక్కకు చెవిమీద చిన్న గంటు పెట్టుదురు. ఆ చెవిగంటే వీథికుక్కకు బిళ్ళ యని చెప్పవచ్చును. మఱి మన యింటి కుక్క చెవిన గంటును లేక, మెడను బిళ్ళయు లేక వీథిన తిరుగుచున్నచో, కుక్కలను పట్టు బండివారు దానిని వీథికుక్క యనుకొనుటలో వింత యేమున్నది?

ఆనవాళ్ళు చెప్పి వెదకుకొనవచ్చునని కొంద ఱనుకొందురు. తమిళనాట విరుదునగర్ జిల్లాలో రాజపాళయము కలదు. తరతరములుగా తెలుగు మాటాడు రాజులు స్థిరపడిన పట్టణమది. ఆ యూరి పేరనే ప్రసిద్ధికెక్కిన వేటకుక్క జాతి యొకటి యున్నది. దానికి తెల్లని దేహము, గులాబి వన్నె ముక్కు. కర్ణాటకమున బాగలకోటె జిల్లాలోని ముధోళము పేర సన్నని నడుముగల మఱియొక వేటకుక్క జాతి యున్నది. 2005లో భారత తపాలా శాఖవారు ఈ రెండు జాతులకును తపాలా బిళ్ళలు వెలువరించిరి. జాతికి తపాలా బిళ్ళ చాలును; ఒక్కొక్క కుక్కకు మెడలోని బిళ్ళ కావలెను. తెల్లని కుక్క, గులాబి ముక్కు అని మీరు చెప్పిన యానవాలు రాజపాళయపు కుక్కల కన్నిటికిని సరిపోవును గదా! జాతి గుర్తు ఇంటి గుర్తు కానేరదు.

2. బిళ్ళయు బిడ్డల క్షేమమును

ఇంతకంటె ముఖ్యమైన కారణ మొకటి యున్నది. అది కుక్కకు గాక మన బిడ్డలకు సంబంధించినది.

పిచ్చికుక్కవ్యాధి లక్షణములు కనబడిన పిమ్మట దాదాపు ఎవరును బ్రదుకరు. అయినను, కాటు పడిన వెంటనే తగిన చికిత్స చేసినచో దానిని రాకుండ నిలుపవచ్చును. 1885లో పాశ్చర్ పండితుడు ఒక బాలునికి టీకా వేసి ఈ మార్గము చూపెను. మన దక్షిణదేశమున 1907లో కూనూరునందు పాశ్చర్ సంస్థ నెలకొన్నది. కుక్క కఱచినచో గాయమును సబ్బుతో, పారు నీటిక్రింద 15 నిమిషముల సేపు కడుగవలెను. తోడనే వైద్యుని కడకు పోయి టీకా ప్రారంభింపవలెను. పసపు, కారము, సున్నము గాయమున కద్దరాదు.

వైద్యుడు అడుగు తొలి ప్రశ్నలలో నొకటి ఇది: కఱచిన కుక్క యెవరిది? దానికి టీకా వేయించిరా? కుక్క యెవరిదో తెలిసినచో దానిని 10 దినములు కనిపెట్టి చూడవచ్చును. అన్ని దినములును అది ఆరోగ్యముగ నున్నచో, కఱచిన నాడు దాని లాలాజలమున వ్యాధిక్రిమి లేదని నిశ్చయింపవచ్చును; తరువాతి చికిత్స యెట్లుండవలెనో వైద్యుడు నిర్ణయించును. కుక్క యెవరిదో తెలియనిచో ఈ యాధారము పోవును. కనిపెట్టి చూతమని టీకాను మాత్రము ఆలస్యము చేయరాదు. టీకా మొదలుపెట్టియే కుక్కను గమనింపవలెను.

కాబట్టి మన కుక్క మెడలోని బిళ్ళ పొరుగింటి బిడ్డకు మనమిచ్చు హామీ. మన కుక్కకును అది రక్ష. బెదరి తిరుగుచున్న కుక్కను పిచ్చిదని భ్రమించి జనులు కఱ్ఱలెత్తుదురు. మెడలో బిళ్ళ చూచినవాడు కఱ్ఱ యెత్తుటకు ముందొక నిమిషము ఆలోచించును.

3. ఏ లోహము?

ఇత్తడి చెక్కుటకు అనువైనది. అక్షరములు లోతుగ పడును. కాని చెన్నపట్టణము, యానాము వంటి తీరప్రాంతముల ఉప్పుగాలికి త్వరగా కిలుము పట్టును. నెలకొకసారి చింతపండుతో తోమువారికి ఇత్తడి మంచిదే. స్టెయిన్‌లెస్ స్టీలు కఠినము. కిలుము పట్టదు, చిరకాలము నిలుచును. అయితే పైపైని గీచిన వ్రాత నిలువదు; లోతుగ చెక్కింపవలెను. అల్యూమినియము తేలికయైనది, చౌకయైనది. కాని మెత్తనిదగుటచే నేలకును గోడకును రాచుకొని అక్షరములు త్వరగా అఱుగును. ప్లాస్టిక్కు బిళ్ళను కుక్కపిల్ల కొఱికి తుంపును. తుంపిన ముక్కను మ్రింగు ప్రమాదమును కలదు. రంగు పూతతో మెఱయు బిళ్ళలు చూపునకు బాగుండును గాని, పూత పెచ్చులూడినపుడు దానితో వ్రాతయు పోవును.

బిళ్ళ చెక్కించుటకు దూరము పోనక్కఱలేదు. పెండ్లి సామానులమీద పేర్లు చెక్కు పాత్రల అంగడివారే ఈ పనిని చక్కగ చేయగలరు. గిన్నెమీద అమ్మమ్మ పేరు ఏబది యేండ్లు నిలిచినట్లే బిళ్ళమీద అంకెలును నిలుచును. అంచులు నునుపుగ నున్నవో లేవో వ్రేలితో తడవి చూచి తీసికొనవలెను.

4. ఎంత పరిమాణము?

ఇందులో చిన్న లెక్క యున్నది, పిల్లలచేత చేయింపుడు. అంకె 3 మిల్లీమీటర్ల యెత్తునకు తగ్గినచో వృద్ధులు చదువలేరు. ఒక్కొక్క అంకె 2 మిల్లీమీటర్ల వెడల్పు, నడుమ అర మిల్లీమీటరు ఎడము అనుకొందము. 10 అంకెల టెలిఫోను సంఖ్య నొకే వరుసలో వ్రాసినచో 20 మిల్లీమీటర్లు అంకెలకు, నాలుగున్నర మిల్లీమీటర్లు ఎడములకు, మొత్తము ఇరువది నాలుగున్నర. 25 మిల్లీమీటర్ల గుండ్రని బిళ్ళలో అది అంచు నుండి అంచునకు తగులును. అదే సంఖ్యను 5 అంకెల చొప్పున రెండు వరుసలుగా విడదీసినచో, ఒక్కొక్క అంకెను 3 మిల్లీమీటర్ల వెడల్పున వ్రాసినను వరుసకు 17 మిల్లీమీటర్లే పట్టును. అంకెలు పెద్దవైనవి, చోటును మిగిలినది. చిన్న కుక్కకు 25 మిల్లీమీటర్ల బిళ్ళయు, పెద్ద కుక్కకు 35 మిల్లీమీటర్ల బిళ్ళయు చాలును. బరువైన బిళ్ళను పసికుక్క మెడను వ్రేలాడదీయుట భూషణము కాదు, బాధ.

5. ఏమి వ్రాయవలెను?

మొదట వ్రాయదగినది టెలిఫోను సంఖ్య. చోటున్నచో రెండవ సంఖ్య. మొదటివారు పలుకనపుడు అది యక్కఱకు వచ్చును. ఆ పిమ్మట ఇంటి సంఖ్య, వీథి, పేట. కుక్కకు నిత్యము మందు ఇయ్యవలసి యున్నచో ఆ మాట యొకటి. ఇంతకు మించి వలదు. టీకా వేయించితిమని శాశ్వతముగ చెక్కింపరాదు. సాధారణముగ ప్రతి యేడును టీకా వేయించుచుండవలెను గనుక, సంవత్సరము లేని ఆ మాటకు విలువ లేదు. సంవత్సరము గల టీకా బిళ్ళ వేఱుగ నుండుట మేలు. పురపాలక సంఘమువారు అనుమతి బిళ్ళ యిచ్చుచోట దానిని కూడ తగిలింపవలెను. ఈ నిబంధనలు ఊరూరికి మాఱును. మీ యూరి కార్యాలయమున విచారింపుడు.

వ్రాయరాని దొకటి గలదు. పిల్లవాని పేరు, అతడు చదువు బడి పేరు బిళ్ళమీద ఉండరాదు. కుక్కను ప్రేమించు పిల్లలు తమ పేరే వ్రాయుమని పట్టుపట్టుదురు. కాని వీథిన పోవు ప్రతివానికిని మన బిడ్డ పేరు, బడి తెలియజేయుట మంచిది కాదు. పెద్దల సంఖ్యయే వ్రాయింపుడు.

6. ఏ లిపిలో వ్రాయవలెను?

మన వంటివారు శ్రద్ధతో ఆలోచింపవలసిన ప్రశ్న యిది. మనము తెలుగు నేలకు దూరముగ స్థిరపడి, పిల్లలకు తెలుగు చెప్పించుటకై బడులు నిలుపుకొన్నవారము. ఇంటి గుమ్మముమీద, పెండ్లి పత్రికమీద, పాత్రలమీద తెలుగక్షరము చూచినపుడు మన మనసునకు కలుగు తృప్తి యింతింత కాదు. కుక్క బిళ్ళమీదను తెలుగే యుండవలెనని కోరుట సహజము.

కాని ఏ వ్రాతయైనను చదువరి కొఱకు. గుమ్మముమీది తెలుగును మనమును మన బంధువులును చదువుకొందుము. బిళ్ళకు చదువరి మనము కాము. దారి తప్పిన కుక్కను పట్టుకొని, ఇది యెవరిదో యని నిలుచున్న అపరిచితుడే దానికి చదువరి. అతడు బరంపురమున ఒడియా చదువును. బెంగుళూరున కన్నడము చదువును. హోసూరున తమిళమో కన్నడమో చదువును. షోలాపురమున మరాఠీ చదువును. మన యక్షరము అతనికి చిత్రపటము వంటిది. మన యభిమానమునకై అతనికి చదువరాని బిళ్ళ నిచ్చినచో నష్టపడునది అతడు కాదు, మన కుక్క. యానామున మాత్రము వీథి భాషయు తెలుగే గనుక అచ్చటివారికి ఈ చిక్కు లేదు.

కావున ఈ పద్ధతి యుక్తముగ తోచుచున్నది. బిళ్ళకు రెండు ముఖములు గలవు. ముందరి ముఖము పొరుగువానిది. దానిమీద టెలిఫోను సంఖ్యను 1, 2, 3 అను అంకెలలోనే వ్రాయింపవలెను. ఏ భాషవాడైనను వానిని చదువును. వీథి పేరును, పేట పేరును ఆ రాష్ట్రపు లిపిలో వ్రాయింపవలెను. చోటున్నచో ఇంగ్లీషులోను వ్రాయింపవచ్చును. వెనుక ముఖము మన యింటిది. దానిమీద కుక్క పేరును తెలుగున పెద్దగ చెక్కింపుడు. పేరు తెలుగున నుండుటవలన మఱియొక మేలును గలదు: దొంగ బుద్ధితో కుక్కను పట్టినవాడు పేరు చదివి దానిని సులభముగ మచ్చిక చేసికొనలేడు.

తెలుగు చెక్కించునపుడు ఒక జాగ్రత్త. మన యక్షరములకు తలకట్టులు, కొమ్ములు, క్రింద వత్తులు గలవు. 'మణి', 'రాజా', 'చుక్క' వంటి పేర్లు చిన్న బిళ్ళలో ఇముడును. 'లక్ష్మి' యని వ్రాయవలసినచో వత్తుమీద వత్తు చేరి, సన్నని గీతలు కలసిపోయి మచ్చ వలె కనబడును. అట్టి పేరునకు పెద్ద బిళ్ళ కావలెను. చెక్కువానికి తెలుగు రాకపోవచ్చును. పిల్లలచేత కాగితముపై పెద్ద యక్షరములతో వ్రాయించి యిచ్చి, చెక్కిన పిమ్మట వారిచేతనే సరిచూపింపుడు. ఒక దీర్ఘము జాఱినను, ఒక వత్తు తప్పినను వారే పట్టుకొందురు.

పొరుగువాని లిపిలో మన చిరునామా వ్రాయుట మాతృభాషకు తక్కువ కాదు. మనమున్న నేలపై మనకు సాయపడువాడు పొరుగువాడే. అతనికి తెలియు అక్షరములలో మాటాడుట మర్యాద. ఒకే చిరునామాను తెలుగునను, స్థానిక లిపిలోను తప్పులేక వ్రాయగల బిడ్డ రెండిండ్లకు తాళపుచెవి గలవాడు.

7. ఎట్లు తగిలింపవలెను?

బిళ్ళ మంచిదైనను కొక్కెము చెడ్డదైనచో అంతయు వ్యర్థము. వంకర తీగ కొక్కెములు లాగినపుడు తెఱచుకొనును. తాళపుచెవులు గ్రుచ్చు చుట్టుడు వలయము వంటిది వాడవలెను. బిళ్ళను పట్టెడపై అదిమి రెండు రివెట్లతో బిగించు పద్ధతి యింకను మేలు. అది గలగలలాడదు, కటకటాలలో చిక్కుకొనదు. పట్టెడకును మెడకును నడుమ రెండు వ్రేళ్ళు దూరునంత యెడముండవలెను. ఎదుగు కుక్కపిల్లకు వారమున కొకసారి దీనిని పరీక్షింపవలెను. లేనిచో పట్టెడ మెడను కోయును.

8. నవీన సాధనములు

నేడు బియ్యపుగింజంత మైక్రోచిప్పును పశువైద్యుడు కుక్క రెండు భుజముల నడుమ చర్మము క్రింద సూదితో నిలుపుచున్నాడు. దానిలో 15 అంకెల సంఖ్య యుండును. దానికి బ్యాటరీ లేదు. తగిన యంత్రము దగ్గఱకు తెచ్చినపుడు మాత్రమే ఆ సంఖ్య కనబడును. కుక్క యెక్కడ నున్నదో అది చెప్పదు. యజమాని చిరునామాయు దానిలో నుండదు. ఆ సంఖ్యకు ఎదురుగ మన పేరు, టెలిఫోను నమోదై యున్నప్పుడే దానికి ప్రయోజనము. పట్టెడ తెగి బిళ్ళ పోయినను చిప్పు పోదు. కాని వీథిన పోవువాని చేత యంత్రముండదు. కావున చిప్పును బిళ్ళయు ఒకదాని కొకటి తోడు.

టెలిఫోనుతో ఫోటో తీసినట్లు చూచిన చిరునామా కనబడు క్యూఆర్ బిళ్ళలు గలవు. చదువువాని కడ తగిన ఫోనును, ఇంటర్నెట్టును ఉండవలెను. ఆ వివరములను నిలువచేయు సంస్థయు నడచుచుండవలెను. అట్టి బిళ్ళ వాడువారు దానిపై సంఖ్యను గూడ చెక్కించుట క్షేమము. కుక్కయున్న చోటు తెలుపు జీపీఎస్ యంత్రములకు బ్యాటరీ ప్రాణము. అది యయిపోయిన నాడు యంత్రము మూగబోవును. చెక్కిన అంకె మూగబోదు.

9. ఇంటిలో చేయవలసిన అభ్యాసము

ఈ క్రింది పనులను పిల్లలతో కూడి చేయుడు.

(అ) బిళ్ళను తెలుగు రాని పొరుగువారి చేతి కిచ్చి, చేతిదూరమున పట్టి చదువుమనుడు. వారు తడబడినచో వ్రాత మార్పింపుడు.

(ఆ) వారి ఫోను నుండి ఆ సంఖ్యకు పిలువుమనుడు. మీ యింట ఫోను మ్రోగవలెను. చెక్కుటలో ఒక్క అంకె తప్పినను బిళ్ళ యున్నను లేనట్లే.

(ఇ) దీపావళికి వారము ముందు బిళ్ళ, వలయము, పట్టెడ మూటిని పరీక్షింపుడు. బాణసంచా మ్రోతకు బెదరి కుక్కలు గోడలు దూకి పాఱిపోవును. ఆ రాత్రి వానిని ఇంటిలోపల నుంచుట మేలు.

(ఈ) ఇల్లు మాఱినను, టెలిఫోను సంఖ్య మాఱినను ఆ వారమే క్రొత్త బిళ్ళ చెక్కింపుడు. చిప్పు నమోదునందును మార్పు చేయింపుడు.

(ఉ) టీకా వేయించిన తేదీని పిల్లలచేత గోడ పంచాంగముపై వ్రాయింపుడు.

వీనిలో కష్టమైనది యొక్కటియు లేదు. ఖర్చును స్వల్పము. ఒక ప్రాణిని ఇంటికి తెచ్చుకొనుట యనగా దానికి అన్నము పెట్టుట మాత్రమే కాదు. అది కనబడకపోయిన నాడు తిరిగి వచ్చుటకు దారి చూపి యుంచుట, అది యితరులకు హాని చేసిన నాడు ఇది మాదే యని ముందునకు వచ్చి నిలుచుట. ఈ రెండు బాధ్యతలకును మనము చేయు సంతకము ఆ బిళ్ళ. ఆ సంతకమును పొరుగువానికి తెలియు అక్షరములలో, అఱుగని లోహముపై, తప్పులేకుండ చేయుదము.